తెర ముందు మన బిడ్డకు చోటు

(మాచవరంలో జరిగిన తల్లిదండ్రుల సమావేశంలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

  మిరప కోతల రోజుల్లో ఒక పూట కూలి వదులుకొని బిడ్డల చదువు గురించి వినడానికి వచ్చిన వారు ఈ సభలో అనేకులున్నారు. పిడుగురాళ్ల సున్నపు బట్టీల నుంచి నేరుగా వచ్చిన సోదరులున్నారు. మీ సమయం ఎంత విలువైనదో నాకు తెలుసు. అందువల్ల వృథా మాటలు చెప్పను.

నేను వేదిక ఎక్కబోతుండగా ఒక తల్లి నన్ను ఆపి అడిగారు: "మాస్టారూ, మా అమ్మాయి తొమ్మిదో తరగతి. లెక్కల పాఠం వీడియో ఫోనుకు వస్తుందట. ఫోను ఇమ్మని రోజూ అడుగుతుంది. ఇస్తే చెడిపోతుందేమోనని వాళ్ళ అబ్బా భయం. ఇవ్వకపోతే వెనకబడుతుందేమోనని నా భయం. ఏం చెయ్యమంటారు?"

ఆ తల్లికి వెంటనే సమాధానం చెప్పలేకపోయాను. అది చిన్న ప్రశ్న కాదు. పాఠశాల విద్యలో డిజిటల్ సాంకేతికత భవిష్యత్తు గురించి ఢిల్లీలో, అమరావతిలో జరిగే చర్చలన్నీ ఆ ఇంట్లో ఆ ఒక్క ప్రశ్నగా మారి కూర్చున్నాయి. ఈ ప్రసంగం చివర ఆమెకు నా సమాధానం చెబుతాను. ఈ లోపు ఆ ప్రశ్న చుట్టూ ఉన్న సంగతులను మీ ముందుంచుతాను.

ఇప్పటికే వచ్చిన మార్పు

డిజిటల్ బడి రేపు రాబోయేది కాదు, వచ్చేసింది. 2020లో కరోనా వల్ల బడులు మూతపడినప్పుడు దూరదర్శన్ సప్తగిరి ఛానల్‌లో పాఠాలు చెప్పించారు. టీవీ ఉన్న ఇంటి పిల్లలు చూశారు, లేని ఇంటి పిల్లలు పొలం వెళ్ళారు. అప్పటికి దేశంలో పరిస్థితి ఏమిటో 2017-18లో జరిగిన జాతీయ నమూనా సర్వే ముందే చెప్పింది. గ్రామీణ కుటుంబాల్లో కంప్యూటర్ ఉన్నవి 4.4 శాతం, ఇంటర్నెట్ సౌకర్యం ఉన్నవి 14.9 శాతం మాత్రమే.

2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో మన రాష్ట్ర ప్రభుత్వం ఎనిమిదో తరగతి విద్యార్థులకు, ఉపాధ్యాయులకు ట్యాబుల పంపిణీ ప్రారంభించింది. ఆ ఏడాది ఇచ్చిన ట్యాబులు 5 లక్షలకు పైగానే. మరుసటి ఏడాది కూడా పంపిణీ జరిగింది. అనేక తరగతి గదుల్లో నల్లబల్ల పక్కన పెద్ద తెర వచ్చింది. పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్ వచ్చింది. దాన్ని ఫోనుతో స్కాన్ చేస్తే 2017లో మొదలైన దీక్షా వేదికలోని పాఠం తెరుచుకుంటుంది. ఉపాధ్యాయుల హాజరు 2022 ఆగస్టు నుంచి ముఖాన్ని గుర్తించే యాప్‌కు ఎక్కింది. 2025 జనవరిలో మొదలైన 'మన మిత్ర' ద్వారా హాల్ టికెట్టు కూడా వాట్సాప్‌లోకి వచ్చింది.

కాబట్టి డిజిటల్ చదువు కావాలా వద్దా అనే తర్కం మనకు ఉపయోగపడదు. అది వచ్చిన చోట మన బిడ్డ లోపల ఉందా, గుమ్మం బయట ఉందా అన్నదే మనం అడగవలసిన ప్రశ్న.

యంత్రం చేయగలిగేది, చేయలేనిది

సాంకేతికతను నేను వ్యతిరేకించడం లేదు. మంచిగా వాడితే అది ఏమి చేయగలదో నిరూపించిన అధ్యయనం ఒకటి మన దేశంలోనే జరిగింది. ఢిల్లీలో పేద కుటుంబాల పిల్లలకు బడి వేళల తరువాత 'మైండ్‌స్పార్క్' అనే కంప్యూటర్ కార్యక్రమంతో చదువు చెప్పారు. ఆర్థికశాస్త్రవేత్త కార్తీక్ మురళీధరన్, ఆయన సహచరులు దాన్ని పరిశీలించి 2019లో ఫలితాలు ప్రచురించారు. నాలుగున్నర నెలల్లోనే ఆ పిల్లలు గణితంలోనూ హిందీలోనూ తోటివారికంటే స్పష్టంగా ముందుకు వెళ్ళారు.

ఎందుకు వెళ్ళారో గమనించండి. ఆరో తరగతి పిల్లవాడు గణితంలో సగటున రెండున్నర తరగతులు వెనుక ఉన్నాడు. తరగతి గదిలో ఉపాధ్యాయుడు ఆరో తరగతి పాఠమే చెప్పాలి. యంత్రం మాత్రం ఆ పిల్లవాడు నిజంగా ఎక్కడ ఆగిపోయాడో చూసి, అక్కడి నుంచి మొదలుపెట్టింది. నా ఉద్యోగ జీవితంలో భాగహారం రాక తొమ్మిదో తరగతికి వచ్చిన పిల్లలను ఎందరినో చూశాను. యాభై మంది ఉన్న గదిలో వారిని పట్టించుకోవడం ఎంత కష్టమో అనుభవించాను. ఆ పని యంత్రం చేయగలిగితే సంతోషమే. అయితే ఆ కేంద్రాల్లో పిల్లలు సగం సమయం కంప్యూటర్ ముందు, మిగిలిన సగం చిన్న బృందంగా ఒక బోధకుని ముందు కూర్చున్నారు. మనిషిని తీసివేసి యంత్రాన్ని పెట్టలేదు.

దీనికి విరుద్ధమైన ఉదాహరణ దక్షిణ అమెరికాలోని పెరూ దేశం. అక్కడ పిల్లలకు పది లక్షలకు పైగా లాప్‌టాప్‌లు పంచారు. వాటిని బోధనతో ముడిపెట్టలేదు. చదువు మెరుగుపడలేదు. యునెస్కో 2023లో విద్యా సాంకేతికతపై వెలువరించిన ప్రపంచ నివేదిక ఈ అనుభవాన్నే ఎత్తి చూపింది. పరికరం పంచడం తేలిక. దాని వెనుక పాఠాన్ని, పాఠం వెనుక గురువును నిలబెట్టడం కష్టం.

ఈ మాట ఏ వర్గం పిల్లలకైనా వర్తిస్తుంది. మన పిల్లలకు అదనంగా మరికొన్ని అడ్డంకులున్నాయి. 2006లో జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ ఇచ్చిన నివేదిక 6 నుంచి 14 ఏళ్ళ ముస్లిం పిల్లల్లో నాలుగో వంతు అసలు బడిలో చేరనివారో, మధ్యలో మానేసినవారో అని తేల్చింది. మన పిల్లలందరూ మదరసాలకే వెళ్తారన్న అపోహనూ ఆ నివేదిక తొలగించింది. అలా వెళ్ళేవారు మూడు నాలుగు శాతమే. మిగిలినవారిలో ఎక్కువ మందికి దిక్కు ఊరి సర్కారు బడే. ఆ బడి డిజిటల్ అయితే దాని మంచి చెడ్డలు ముందుగా తగిలేది మనకే.

మొదటి గుమ్మం: పేరు

డిజిటల్ వ్యవస్థలో బిడ్డ అడుగుపెట్టాలంటే ముందు పేరు లోపలికి వెళ్ళాలి. ఇక్కడే మనవాళ్ళు మొదట ఆగిపోతున్నారు.

నాకు తెలిసిన ఒక బాలిక సంగతి చెబుతాను. ఏ బడి అని అడగకండి. బడి రిజిస్టరులో ఆమె ఇంటిపేరు 'షేక్' అని పూర్తిగా ఉంది. ఆధార్ కార్డులో 'ఎస్‌కే' అని రెండక్షరాలు ఉన్నాయి. బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరు చివరకు వెళ్ళింది. మూడూ ఒక్క అమ్మాయే అని ఊరంతటికీ తెలుసు, కంప్యూటరుకు తెలియదు. ఆ తండ్రి సచివాలయానికీ ఆధార్ కేంద్రానికీ బ్యాంకుకూ మధ్య ఎనిమిది రోజులు తిరిగాడు. ఎనిమిది రోజుల కూలి పోయింది. తప్పు ఎవరిదని అడిగితే ఎవరికి వారు పక్క కార్యాలయం వైపు చూపించారు.

ఇలాంటి ఇళ్ళు ఈ సభలో ఎన్ని ఉన్నాయో చేతులెత్తమని అడగనక్కరలేదు, మీ ముఖాల్లోనే కనిపిస్తున్నది. షేక్, సయ్యద్, పఠాన్, మొహమ్మద్ అనే నాలుగు పేర్లను ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాస్తారో మనకు తెలుసు. మొహమ్మద్‌ను 'ఎండీ' అని కుదిస్తారు. దూదేకుల, నూర్‌బాషా కుటుంబాల్లో కులం పేరే ఇంటిపేరై, ఒక కాగితంలో ఉండి మరో కాగితంలో లేకుండా పోతుంది. కాగితాల కాలంలో గుమాస్తా ముఖం చూసి సర్దుకునేవాడు. యంత్రం సర్దుకోదు.

ఇప్పుడు విద్యార్థులందరికీ 'అపార్' అనే 12 అంకెల గుర్తింపు సంఖ్య ఇస్తున్నారు. దానికి బడి రికార్డులోని పేరు, ఆధార్‌లోని పేరు ఒకటిగా ఉండాలి. 2025 జూన్ నుంచి అమలవుతున్న 'తల్లికి వందనం' సొమ్ము రావాలన్నా రికార్డులు కలవాలి. కనుక పేరు సరిచేసుకోవడం మన బాధ్యత. పదో తరగతి నామినల్ రోల్స్ వెళ్ళేలోపే సరిచేసుకోండి. ఆ తరువాత అదే పేరు జీవితాంతం వెంటాడుతుంది.

అదే సమయంలో హక్కు కూడా తెలుసుకోండి. 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు ఆధార్ కేసులో తీర్పు ఇస్తూ, 6 నుంచి 14 ఏళ్ళ బిడ్డకు బడి ప్రవేశం ప్రభుత్వం దయతలచి ఇచ్చే సేవ కాదని, అది హక్కు గనుక ఆధార్ తప్పనిసరి కాదని చెప్పింది. ఆధార్ లేదన్న కారణంతో ఏ బిడ్డకూ ప్రయోజనాన్ని నిరాకరించరాదని కూడా చెప్పింది. వయసు ధ్రువపత్రం లేదని ప్రవేశం నిరాకరించరాదని విద్యాహక్కు చట్టం చెబుతోంది. అపార్‌కు తల్లిదండ్రుల అంగీకారం కావాలి. ఎవరైనా "పేరు కలవలేదు, బడిలోకి రావద్దు" అంటే తల దించుకొని ఇంటికి రాకండి. ఆ మాట కాగితం మీద రాసి ఇమ్మని అడగండి.

అంతా కంప్యూటరులో ఉంటే అవినీతి ఉండదన్న నమ్మకం కూడా పూర్తి నిజం కాదు. మైనారిటీ ఉపకార వేతనాలు జాతీయ పోర్టల్ ద్వారానే నడిచాయి. అయినా 2023లో కేంద్ర మైనారిటీ వ్యవహారాల శాఖ 1,572 సంస్థలను పరిశీలించగా 830 సంస్థలు బూటకమనో, నడవనివనో తేలింది. ఉన్నాడో లేడో తెలియని విద్యార్థి పేరున పోర్టల్ నుంచి సొమ్ము వెళ్ళింది. కళ్ళ ముందున్న మన బిడ్డకు మాత్రం ఒక్క అక్షరం తేడా వల్ల ఆగిపోయింది. పైగా 2022లో ఒకటి నుంచి ఎనిమిది తరగతుల వరకు ఆ కేంద్ర ఉపకార వేతనాన్నే ఆపివేశారు. యంత్రం మీద నిఘా వేయవలసింది మనిషే, అందులోనూ నష్టపోయే మనిషే.

రెండో గుమ్మం: ఆడపిల్ల చేతికి అందే గంట

ఇక ఇంటి లోపలికి వద్దాం. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన పురుషులు 48.8 శాతం, స్త్రీలు 21 శాతం. ఈ తేడా ఏ మతానికో పరిమితమైనది కాదు. కానీ మనం దానికి మినహాయింపు అని కూడా చెప్పుకోలేం.

గ్రామీణ పిల్లలపై 2024లో జరిగిన అసర్ సర్వే మరో సంగతి చెప్పింది. 14 నుంచి 16 ఏళ్ళ పిల్లల్లో ఫోను వాడటం తెలిసినవారు 82 శాతం. అలా తెలిసినవారిలో సొంత ఫోను ఉన్న బాలురు 36 శాతం, బాలికలు 27 శాతం. సర్వేకు ముందు వారంలో చదువు కోసం ఫోను వాడినవారు 57 శాతం, సోషల్ మీడియా కోసం వాడినవారు 76 శాతం. ఈ అంకెల్లో తండ్రి భయానికీ ఆధారం ఉంది, తల్లి భయానికీ ఆధారం ఉంది.

ఫోను చెడగొడుతుందన్న భయం కొడుకు విషయంలో మనకు ఎందుకు రాదు? రాత్రి పదకొండు దాకా ఆటలు ఆడే కుర్రవాడి చేతిలో నుంచి ఫోను తీసుకోం. పాఠం చూస్తానన్న ఆడపిల్ల చేతికి ఇవ్వం. ఈ ప్రశ్న ఇక్కడున్న తండ్రులను అడుగుతున్నాను. నన్ను కూడా నేను అడుగుకున్నాను. నా ఇంట్లోనూ ఇదే జరిగింది.

కేరళలో ఒక ముస్లిం విద్యార్థిని ఈ ప్రశ్నను న్యాయస్థానం దాకా తీసుకువెళ్ళింది. ఆమె పేరు ఫహీమా షిరీన్. కోళిక్కోడ్ జిల్లాలో కళాశాల హాస్టల్లో ఉండి చదువుకునేది. సాయంత్రం నుంచి రాత్రి వరకు బాలికలు మొబైల్ ఫోను వాడరాదని హాస్టల్ నిబంధన పెట్టింది. చదువుకు అవసరమని ఆమె అభ్యంతరం చెబితే హాస్టల్ నుంచి పంపివేశారు. ఆమె హైకోర్టుకు వెళ్ళింది. 2019 సెప్టెంబరు 19న కేరళ హైకోర్టు, ఇంటర్నెట్ అందుబాటు అనేది విద్యాహక్కులోనూ వ్యక్తిగత గోప్యత హక్కులోనూ భాగమని తీర్పు చెప్పి ఆమెను తిరిగి చేర్చుకోమంది. క్రమశిక్షణ పేరుతో చదువుకునే మార్గాన్ని మూయరాదన్నది ఆ తీర్పు సారాంశం. ఆ కేసులో తండ్రి ఆమె పక్షానే నిలిచాడు. మనం గుర్తుంచుకోవలసింది తీర్పుతో పాటు ఆ తండ్రిని కూడా.

మూడో గుమ్మం: భాష

మన ఇళ్ళలో అనేకం ఉర్దూ మాట్లాడతాయి. దూదేకుల కుటుంబాల వంటివి తెలుగే మాట్లాడతాయి. వీధిలో అందరికీ తెలుగే. బడిలో ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదుటి పేజీలో తెలుగు ఉన్న పుస్తకం. తెర మీద మాత్రం వేగంగా మాట్లాడే ఇంగ్లీషు. ఆరేళ్ళ బిడ్డ ఇన్ని మెట్లు ఎక్కి పాఠం దగ్గరకు చేరాలి.

రాజ్యాంగంలోని 350ఎ అధికరణం భాషా మైనారిటీ పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన సౌకర్యం కల్పించమని రాష్ట్రాలను ఆదేశిస్తోంది. 2022లో మన రాష్ట్ర శాసనసభ ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాషగా చేసింది. ఆ గౌరవం తరగతి గదిలోని తెర మీదకు దిగిందా అని అడిగే హక్కు మనకుంది. ఉర్దూ మాధ్యమ పాఠశాలలో పెట్టే పెద్ద తెరలో ఉర్దూ పాఠాలు ఎన్ని ఉన్నాయో చూపించమనండి. నస్తాలీఖ్ రాతకు అలవాటు పడిన కంటికి ఆ అక్షరాలు చదవడానికి వీలుగా ఉన్నాయో లేదో పిల్లలనే అడగండి.

ఇది అసాధ్యమైన కోరిక కాదు. వందేళ్ళ కిందట హైదరాబాదులో ఇంతకంటే కష్టమైన పని జరిగింది. 1917లో దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థను స్థాపించి శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చారు. ఆ పునాది మీద 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం మొదలై, వైద్యం, ఇంజనీరింగు సైతం ఉర్దూలో బోధించింది. అప్పుడు కంప్యూటరు లేదు, కాతిబ్ చేతిరాతే గతి. ఉర్దూ నస్తాలీఖ్ యంత్రానికి ఎక్కింది 1981 ప్రాంతంలో మాత్రమే. కాతిబ్ కలంతో చేయగలిగిన పనిని ఈనాటి యంత్రాలతో చేయలేమంటే ఎవరూ నమ్మరు. ఈనాడు కొరవడింది సాంకేతికత కాదు, అడిగేవారు.

ఉర్దూ ఒక్కటే కాదు. మన పిల్లలకు తెలుగులో మంచి పాఠం ఉండటం కూడా మన హక్కే. రేపు కృత్రిమ మేధ అనే యంత్రం పిల్లల సందేహాలకు జవాబులు చెబుతుంది. తన దగ్గర రాత ఉన్న భాషలోనే అది బాగా మాట్లాడుతుంది. మన కథలు, మన పల్నాటి ముస్లింల చరిత్ర మనం రాసిపెట్టకపోతే అది వాటిని ఊహించి చెబుతుంది, లేదా పరాయివారు రాసినది చెబుతుంది.

నాలుగో గుమ్మం: పాఠం ఎవరిది, పిల్లల వివరాలు ఎవరివి

2022లో ఇచ్చిన ట్యాబుల్లో బైజూస్ సంస్థ పాఠాలు నింపారు. ఆ ఒప్పందం జరిగిన నాడు అది దేశంలో అతి పెద్ద విద్యా సాంకేతిక సంస్థ. 2024 జూలైలో అదే సంస్థ దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది. ఇక్కడ ఏ పార్టీనీ విమర్శించడం నా ఉద్దేశం కాదు. ఒక తరం పిల్లల పాఠం ఒక ప్రైవేటు సంస్థ లాభనష్టాల మీద ఆధారపడరాదని చెప్పడమే నా ఉద్దేశం. వ్యాపారం మూతపడవచ్చు, బడి మూతపడకూడదు.

మళ్ళీ కేరళ వైపే చూడవలసి వస్తున్నది. అక్కడ 2001లోనే ప్రభుత్వం ఐటీ ఎట్ స్కూల్ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. 2017లో అది 'కైట్' అనే ప్రభుత్వ సంస్థ అయింది. ఎవరికీ రుసుము కట్టనవసరం లేని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను బడుల్లో వాడారు. ఉపాధ్యాయులకే శిక్షణ ఇచ్చి పాఠాలు తయారు చేయించారు. 2020 జూన్ 1న కరోనా మధ్యలో టీవీ ద్వారా 'ఫస్ట్ బెల్' తరగతులు మొదలుపెట్టగలిగారంటే కారణం ఇరవై ఏళ్ళ తయారీ. అక్కడ పాఠం ప్రజల ఆస్తి.

ఇక పిల్లల వివరాలు. ప్రతి యాప్ బిడ్డ పేరు, ఫోటో, మార్కులు, చిరునామా, కులం, మతం అడుగుతుంది. మనం చదవకుండానే 'అంగీకరిస్తున్నాను' అని నొక్కుతాం. 2023 ఆగస్టులో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ళలోపు వారి వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల నుంచి నిర్ధారించదగిన అంగీకారం పొందాలంటోంది. పిల్లల ప్రవర్తనను వెంబడించి గమనించడాన్ని, వారికి గురిపెట్టి ప్రకటనలు చూపడాన్ని నిషేధించింది. 2025 నవంబరులో నిబంధనలు వెలువడ్డాయి. వాటిలో విద్యాసంస్థలకు కొన్ని మినహాయింపులున్నాయి. అందుకే మనం మరింత జాగ్రత్తగా ఉండాలి.

ముఖాన్ని గుర్తించే సాంకేతికత విషయంలో మన సమాజానికి అదనపు ఆందోళన ఉంది. దాన్ని దాచుకోనవసరం లేదు. హైదరాబాదులో పోలీసులు ఈ సాంకేతికతను వాడటాన్ని సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ తెలంగాణ హైకోర్టులో ప్రశ్నించారు. బడిలో బిడ్డ ముఖాన్ని ఎందుకు తీసుకుంటున్నారు, ఎక్కడ దాస్తారు, ఎప్పుడు చెరిపివేస్తారు అని అడగడం అనుమానం కాదు, తల్లిదండ్రుల ధర్మం.

మనం కూర్చోవలసిన చోటు

ఇన్ని చెప్పిన తరువాత "మేము చదువుకోని వాళ్ళం, ఎక్కడ అడగాలి?" అంటారు. అడగడానికి చట్టమే ఒక చోటు ఇచ్చింది. విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ పాఠశాలకు యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. సభ్యుల్లో సగం మంది స్త్రీలు ఉండాలి. వెనుకబడిన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు వారి నిష్పత్తిని బట్టి స్థానం ఉండాలి. బి.సి.-ఇ, బి.సి.-బి కింద ఉన్న మన కుటుంబాలకు ఇది చట్టం ఇచ్చిన కుర్చీ. ఆ ఎన్నికల రోజున మనం కూలికి వెళ్ళిపోతున్నాం. కుర్చీలో మరొకరు కూర్చుంటున్నారు. తరువాత మనల్ని ఎవరూ అడగలేదని బాధపడుతున్నాం.

2024 డిసెంబరు నుంచి రాష్ట్రమంతటా తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల మెగా సమావేశాలు జరుగుతున్నాయి. ఫోటోలకు, భోజనానికి పరిమితం కాకుండా ఆ రోజు ఐదు సంగతులు అడగండి. మా బిడ్డ పేరు మీ కంప్యూటరులో ఎలా ఉంది, చూపించండి. తరగతిలోని తెర వారంలో ఎన్ని గంటలు పని చేస్తోంది, పాడైతే ఎన్ని రోజుల్లో బాగు చేయిస్తారు? ఉర్దూ చదివే పిల్లలకు తెర మీద ఏ పాఠాలున్నాయి? ఇంట్లో ఫోను లేని పిల్లలు సాయంత్రం ఒక గంట బడిలోనే పరికరం వాడుకునే ఏర్పాటు చేయగలరా? మా పిల్లల వివరాలు ఏ ఏ యాప్‌లకు వెళ్తున్నాయి? ఈ ఐదు ప్రశ్నలకు చదువు అక్కరలేదు. గొంతు ఉంటే చాలు.

ఉపాధ్యాయులను మన శత్రువులుగా చూడవద్దు. వారు కూడా యాప్‌ల బరువు కింద నలుగుతున్నారు. బోధన మానుకొని ఫోటోలు ఎక్కించవలసి వస్తోందని నాతో చెప్పుకునే మిత్రులున్నారు. వారి గొంతు, మన గొంతు కలిస్తేనే ఇది ముందుకు సాగుతుంది.

ఇక మన చేతిలోనే ఉన్న పని. మసీదు కమిటీల వారు, ఊళ్ళో డిగ్రీ చదివిన యువకులు, యువతులు కలిసి వారానికి ఒక సాయంత్రం కూర్చుంటే పేర్లు సరిచేయించడం, దరఖాస్తులు నింపించడం జరిగిపోతాయి. ఆ తండ్రి ఎనిమిది రోజుల కూలి మిగులుతుంది. ఆడపిల్లలకు వేరుగా ఒక గంట, ఒక తల్లి సమక్షంలో, రెండు మూడు ఫోన్లతో పాఠాలు చూసే ఏర్పాటు ఏ వీధిలోనైనా చేయవచ్చు. దీనికి ప్రభుత్వ ఉత్తర్వు అవసరం లేదు.

ఆ తల్లికి జవాబు

ఇప్పుడు నన్ను ప్రశ్న అడిగిన ఆ సోదరికి చెబుతున్నాను. అమ్మా, ఫోను ఇవ్వండి. ఒంటరిగా గదిలో కాదు, మీరు వంట చేసుకుంటున్న చోట, మీ కళ్ళ ముందు ఇవ్వండి. గంట అని చెప్పి గంటకు తీసుకోండి. కొడుకుకూ అదే నియమం పెట్టండి. పాఠం అయ్యాక ఏం అర్థమైందో మీకు చెప్పమనండి. మీకు లెక్కలు రాకపోయినా ఫరవాలేదు. తల్లికి వివరించిన పాఠాన్ని బిడ్డ మరిచిపోదు. వాళ్ళ అబ్బాకు కూడా ఒక మాట చెప్పండి. భయంతో తలుపు వేస్తే భయపడ్డ ప్రమాదం బయటే ఉంటుంది, బిడ్డ చదువు కూడా బయటే ఉండిపోతుంది.

చివరిగా ఈ నేలను గుర్తుచేస్తాను. మనం పల్నాటి బిడ్డలం. అన్ని కులాల వారినీ ఒక్క చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టిన బ్రహ్మనాయుడి చాపకూడు కథ విని పెరిగిన వాళ్ళం. ఆ చాప మీద ముందు వరుస, వెనుక వరుస లేవు. బడిలోని తెర ముందు కూడా అలాంటి చాపే పరవాలి. దాని మీద పేరు తప్పుపడిన బిడ్డకు, ఉర్దూ మాట్లాడే బిడ్డకు, ఇంట్లో ఫోను లేని బిడ్డకు, ఫోను ఉన్నా చేతికి అందని ఆడబిడ్డకు సమానంగా చోటుండాలి. వచ్చే కమిటీ ఎన్నిక రోజున పొలం పని ఒక్క పూట ఆపి బడికి రండి. ఆ చాప పరిచే చేతుల్లో మీ చేతులూ ఉండాలి.